ఉప్పు పెట్టినవాడు

ఈ సంగతి రాసి పెట్టాలని నేను ముందుగా అనుకోలేదు. మొన్న ఆయన పెద్దకర్మ భోజనం చేసి వస్తూ గుడియాత్తం బస్టాండు పక్కన టీ అంగడి ముందు నిలబడ్డాను. బెంచీ మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఎవురప్పా పోయింది?"

"కొండకింద ఒంటిగా ఉండె గదా, తుపాకీ ముసలాయన. ఉప్పు పెట్టి జింకల్ని మచ్చిక చేసి, దగ్గరికొచ్చినాక కాల్చినాడే, ఆయన."

"ఓ, ఆయనా! పాపం మూట కట్టుకొని పోయినాడు పో."

గ్లాసులు పెట్టేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. నా చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ ఉప్పు అమ్మింది నేను. ఆయన దాన్ని ఎక్కడ పోశాడో, ఎందుకు పోశాడో, ఆఖరికి ఏం చేశాడో కళ్ళారా చూసింది కూడా నేనే. తమిళనాడులోని మా వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొదవ లేదు కానీ తెలుగు చదవగలిగినవాళ్ళు అరుదు. టీ అంగట్లో అన్న మాట అందరికీ చేరుతుంది, నేను రాసింది కొందరికే చేరుతుంది. అయినా ఒక్కచోటనైనా నిజం కాగితం మీద ఉండాలి.

ఆయన పేరు రాయను. వేటకు పోయినవాళ్ళు అడవిలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరట. నాలుకతో చిన్న చప్పుడు చేస్తారు, అంతే. ఆ అలవాటు ఆయనకు ఊళ్ళోకి కూడా వచ్చేసింది. నన్ను 'శెట్టీ' అనేవాడు, నేను 'పెద్దనాయనా' అనేవాణ్ణి. "పేరు మనుషులకు నాయనా. అడివికి తెలిసేది వాసన ఒకటే" అనేవాడు.

నాది గుడియాత్తం బజారులో ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయల అంగడి. నేను పదో తరగతి దాకా తమిళంలో చదివాను. తెలుగు అక్షరాలు మాత్రం గల్లా ముందు కూర్చుని, బేరాల మధ్య ఒక్కొక్కటే దిద్దుకుని నేర్చుకున్నాను. సరుకు కోసం వేలూరు వెళ్ళినప్పుడల్లా మూటలు లారీ ఆఫీసులో వేసి గ్రంథాలయానికి వెళ్తాను. అక్కడ తెలుగు బీరువా చివరి వరుసలో, కిటికీ పక్కన ఉంటుంది. దాని తాళంచెవి నేను వెళ్తేనే బయటికి వస్తుందని అక్కడ పనిచేసే మల్లికమ్మ నవ్వుతుంది. ఆ బీరువాలో నేను చదవని పుస్తకం లేదని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు వెంటనే అంగడి మెట్టు ఎక్కలేదు. చొక్కా జేబులోంచి పాత నశ్యం డబ్బా తీశాడు. ముక్కుపొడి వేస్తాడనుకున్నాను. అందులోంచి చిటికెడు పొయ్యి బూడిద తీసి, వేళ్ళ మధ్య నలిపి వదిలాడు. అది ఎటు తేలిపోతుందో చూశాడు. ఆ తర్వాత లోపలికి వచ్చి, గాలి తన ముఖానికి తగిలే చోటు చూసుకుని గోనెల పక్కన కూర్చున్నాడు.

"ఏం పెద్దనాయనా, మా అంగట్లో పులి గిలి ఉండాదా?"

"పులి లేకుంటే ఏమి, శెట్టి ఉండాడు గదా! గాలి మన మీంచి వాని దిక్కు పోతే మన అవసరం వానికి తెలిసిపోతుంది. బేరం కుదరదు."

కల్లుప్పు ఒక మూట కావాలన్నాడు.

"ఊరగాయలు పెడతా ఉండారా?"

"ఎవురికి? నేనొకణ్ణే గదా."

"ఒంటి మనిషికి మూట ఉప్పు ఎందుకు?"

"సుమ్మా, ఊరికే వెయ్యి నాయనా. ఉప్పు అమ్మేవాడు కారణం అడిగితే ఉప్పు చెమ్మెక్కుతుంది."

మూటను మొపెడ్ మీద వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మూట అయిపోయిన తర్వాత మళ్ళీ వచ్చాడు. మళ్ళీ బూడిద వదిలాడు. నా అంగట్లో గాలి ఏ వేళ ఎటు వీస్తుందో ఆయన్ని చూసే నేను తెలుసుకున్నాను.

వేట మానుకుని ఏళ్ళు గడిచినా ఆయన ఒంటికి ఆ సంగతి తెలియదు. వాసన సబ్బు ముట్టేవాడు కాదు. తోలు చెప్పులు కిర్రుమంటాయని అరిగిన కాన్వాసు బూట్లే వేసుకునేవాడు. జేబులో చిల్లర మోగకుండా గుడ్డలో ముడివేసేవాడు. పెళ్ళిళ్ళలో ఆయన వచ్చిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆకు వేసిన తర్వాత పక్కకు చూస్తే ఉండేవాడు. "పిల్లిమాదిరి వస్తావు గదా మామా, ఒక దగ్గు దగ్గరాదా!" అని ఆడవాళ్ళు ఉలిక్కిపడి తిట్టేవాళ్ళు. ఆయనకు అది పొగడ్త.

గుడియాత్తం దాటి కొండల వైపు పోతే, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఆయన ఇల్లు. ముందుగదిలో గోడకు తుపాకులు పెట్టే మూడు కొయ్య మేకులు ఉండేవి. రెండు ఖాళీ. మూడోదాని మీద అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి లైసెన్సు ఇచ్చిన ఒంటిగొట్టం తుపాకీ ఉండేది. ఖాళీ మేకులకు కూడా నూనెగుడ్డ పెట్టి తుడిచేవాడు. ఆయన భార్య పోయి అప్పటికి కొంతకాలమైంది. పిల్లలు లేరు.

వేటను నిషేధించే చట్టం రాకముందు, పట్నాల నుంచి దొరబాబులు రైల్లో కాట్పాడిలో దిగితే వాళ్ళను అడవికి తీసుకుపోవడం ఆయన పని. మనిషి రైలు దిగక ముందే తుపాకీ పెట్టె దిగుతుందట. ఆ పెట్టెను చూసి మనిషిని అంచనా వేసేవాణ్ణని చెప్పేవాడు.

"రెండు గొట్టాల పన్నెండు బోరు తెచ్చినాడంటే వానికి భయం ఎక్కువ. ఒక తోటాలో గుప్పెడు గుండ్లు. చల్లితే ఒకటన్నా తగలదా అని ఆశ. తగులుతుంది శెట్టీ. కడుపులో తగులుతుంది, కాల్లో తగులుతుంది. అది యాడనో పొదలోకి పోయి సావాల. రైఫిలు తెచ్చినవాడు వేరే. ఒకసారికి ఒకటే గుండు. ఒకటే ఉండాదంటే మనిషి యోచన చేస్తాడు."

"యోచన చేస్తే?"

"సగం సార్లు కాల్చడు."

నేను చదివినవి నేనూ చెప్పేవాణ్ణి. చుక్కల దుప్పికి సన్న బోరు రైఫిలు చాలుననీ, కణితిలాంటి పెద్ద జంతువుకు బరువైన గుండు కావాలనీ, భుజం వెనక తగిలితేనే బాధ లేకుండా పడుతుందనీ ఒక పుస్తకంలో ఉంటే చదివి వినిపించాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. "ఎవుడు రాసినాడో గాని వానికి కణితి తెలుసు" అన్నాడు. నాకు పరీక్ష పాసైనంత సంతోషం కలిగింది.

అప్పటినుంచి ఆదివారాలు మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని వెళ్ళేవాణ్ణి. తెలుగు ఎంత బాగా మాట్లాడినా ఆయనకు అక్షరం రాదు. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. ఒకరోజు ఒక వేటగాడి అనుభవం చదువుతున్నాను. నేల మీద ఉప్పు చల్లించి, పైన మంచె కట్టుకుని, జింకలు వచ్చి నాకుతుంటే కాల్చిన కథ. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆపు నాయనా. ఇంక వద్దు."

"ఇది అప్పట్లో అందరూ చేసిందే పెద్దనాయనా. ఎర వేస్తే దగ్గరికి వస్తుంది, గురి తప్పదు. గాయపడి పారిపోవడం ఉండదు. మీరు చెప్పిన దయే గదా ఇదీ?"

ఆ వాదన బలమైనదని ఇప్పటికీ నా నమ్మకం. ఆయన కూడా కొట్టిపారేయలేదు.

"గురి తప్పదు, నువ్వు చెప్పేది సరే. వెతుక్కుంటా పోయి కాలిస్తే అది వేట. దానికి చెవులుండాయి, కాళ్ళుండాయి, తప్పించుకుంటే తప్పించుకుంటుంది. పిలిచి ఉప్పు పెట్టినాక అది అడివి జంతువు గాదు, మనింటికొచ్చిన సుట్టం. ఉప్పు తిన్నవానికి విశ్వాసం ఉండాలంటారు గదా, పెట్టినవానికి ఉండొద్దా?"

తర్వాత ఆలంగాయం వైపు జరిగిన ఒక సంగతి చెప్పాడు. అప్పుడు ఆయనకు మీసాలు వస్తున్న వయసు. ఒక దొరబాబు కోసం ఎండాకాలంలో కొండ కింద ఉప్పు చల్లించింది ఆయనే. పిల్లను వెంటేసుకుని తల్లి జింక వచ్చింది. ఆ బాబు గుప్పెడు గుండ్లు పేల్చాడు. తల్లి కడుపు పట్టుకుపోయినట్టు వంగి పారిపోయింది. బాబు జీపెక్కి వెళ్ళిపోతే ఈయన నెత్తురు జాడ పట్టుకుని ఎండలో తిరిగి తిరిగి, ఊపిరి చప్పుడు విని కనుక్కున్నాడు.

"నన్ను జూసి లేచి పారిపోలా. నా చేతికి ఉప్పు వాసన ఉండె గదా. దగ్గరికొచ్చినాడు, ఇంకా పెడతాడేమో అనుకునింటుంది" అన్నాడు. నా చేతిలోని పుస్తకం మూసేశాడు.

మరి ఇప్పుడు మూటల కొద్దీ ఉప్పు ఎందుకు కొంటున్నాడు? ఒక ఆదివారం పొద్దు వాలేదాకా ఉండిపోతే తెలిసింది. చేను చివర, అడవి అంచున ఒక పలకరాయి ఉంది. దాని మీదా, చుట్టూ మట్టిలోనూ ఉప్పు పోసి ఉంది. దానికి కాస్త దూరంలో నులకమంచం. ఆయన బూడిద వదిలి చూసి, గాలి తన ముఖానికి కొట్టేటట్టు మంచం జరిపాడు. రాగిసంగటి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొంతసేపటికి చెట్ల నీడలోంచి చుక్కల జింకలు ఒక్కొక్కటే వచ్చాయి. ముందు నడిచే ఆడదానికి ఒక చెవి చీలి ఉంది. అది తల ఎత్తి మంచం వైపు చూసి, ఏమీ లేదన్నట్టు రాయి నాకడం మొదలుపెట్టింది. అప్పుడు ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఎదురుగా ఒక ప్రాణం నములుతా ఉంటే మనకూ ముద్ద దిగుతుంది శెట్టీ" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

పక్క చేనులో మేకలు కాసుకునే గోవిందమ్మ ఆయనకు వరసకు చెల్లెలు. ఆమె నోటికి అదుపు లేదు. మేకల్ని తోలుకుపోతూ కేకేసింది.

"సూడప్పా శెట్టీ, ఈయన వయిభోగం! మా వదిన బతికినన్నాళ్ళూ ఒకపొద్దన్నా పక్కన కూర్చోని తినిందిలేదు. ఇప్పుడు జింకలతో పంక్తి భోజనం!"

జింకలు చెవులు రిక్కించాయి. ఆయన నవ్వలేదు.

"అప్పుడు నేను అడివిలో ఉంటి. ఆయమ్మ పళ్ళెం ముందర పెట్టుకోని నా కోసరం కాసుకోనుండె" అన్నాడు. ముద్ద పళ్ళెంలో పెట్టేసి మళ్ళీ తీసుకున్నాడు.

అటవీశాఖలో వాచరుగా ఉన్న సెల్వం మంచివాడు. తమిళ కుర్రాడు, మాతో తెలుగులోనే మాట్లాడతాడు. అతను చాలాసార్లు హెచ్చరించాడు.

"వేండాం తాతా, వద్దు. ఇది తప్పు. వాటికి మనిషంటే బయం పోయిందంటే కష్టం."

"నేను కాల్చేది లేదు గదరా."

"మీరు కాల్చరు. ఉప్పుకి పెట్టిన మనిషి ఎవురో, కాల్చే మనిషి ఎవురో తెలియాదు తాతా."

ఆయన తల ఊపాడు. ఉప్పు మాత్రం మానలేదు.

ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆయన తుపాకీని పాత దుప్పట్లో చుట్టి, జబ్బు మనిషిని ఆసుపత్రిలో వదిలినట్టు వదిలి వచ్చాడు. ఆ రోజుల్లోనే ఆయన కంటికి పొర ఆపరేషను. నేనే వేలూరు తీసుకుపోయి దగ్గర ఉన్నాను. కంటికి కట్టుతో మంచం మీద పడుకుని, సాయంకాలమయ్యేసరికి కిటికీ వైపు తిరిగేవాడు.

"ఈపాటికి వచ్చింటాయి. మంచం మింద ఎవురూ లేకుంటే నాకుతాయో, బెదిరి పోతాయో!"

ఆయనకు అది ఒక్కటే బెంగ. అవి బెదిరి పోలేదు.

మేము తిరిగి వచ్చేసరికి గోవిందమ్మ ఇంటి ముందే కూర్చుని ఉంది. చేత్తో పలకరాయి వైపు చూపించింది. ఎవరో, ఏ ఊరివాళ్ళో, ఆయన మంచం వెనక నక్కి నాటుతుపాకీతో కాల్చారు. రెండు జింకల్ని మోసుకుపోయారు. పలకరాయి మీద గుండ్లు తగిలి తెల్లటి మచ్చలు పడి ఉన్నాయి. ఉప్పులో నెత్తురు ఎండి నల్లబడింది. ఆయన వంగి ఆ మచ్చల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు.

"గుప్పెడు గుండ్లు" అన్నాడు.

మరునాడు అటవీశాఖ జీపు ఆయన గుమ్మం ముందు ఆగింది. ఉప్పు ఎవరిదని అడిగారు.

"నాదే."

"కాల్చింది?"

ఆయన పలకలేదు. సెల్వమే ముందుకు వచ్చి, తుపాకీ స్టేషనులో ఉందనీ, మనిషి వేలూరు ఆసుపత్రిలో ఉన్నాడనీ చెప్పి, రసీదు చూపించాడు. ఇకమీదట ఉప్పు పెట్టవద్దని గట్టిగా చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. కానీ జీపు గుమ్మం ముందు ఆగడం ఊరంతా చూసింది. రసీదును ఎవరూ చూడలేదు. టీ అంగట్లో నేను విన్న మాట పుట్టింది ఆ రోజే.

"నేను కాల్చలేదని ఒక మాట అనరాదా పెద్దనాయనా? పేరు పోతుంది" అన్నాను.

"పోతే పోనీ. పేరు మనుషులకు గదా." కంటి కట్టు సర్దుకున్నాడు. "నా చేతి వాసన ఉప్పులోనే ఉండె గదా, వాటికి తెలుసు శెట్టీ. మంచిదని తెలుసు. అదే కష్టం."

ఆ సాయంకాలం నేను అక్కడే ఉన్నాను. ఇంత జరిగినా అవి మళ్ళీ వచ్చాయి. మంద పలచబడింది. చెవి చీలినది ముందు నడిచింది. మంచం వైపు చూసి, మనిషి ఉన్నాడని నిమ్మళించి, నెత్తురు ఎండిన ఆ రాతి మీదే నాలుక పెట్టింది. ఆయన పళ్ళెం ముట్టలేదు.

పొద్దున్నే పార తీసుకుని రాయి చుట్టూ ఉప్పు దిగిన మట్టినంతా తవ్వాడు. గోవిందమ్మా నేనూ తట్టలతో మోసి ఎండిన బావిలో పోశాం. రాయిని నీళ్ళతో కడిగాం. అయినా అవి వచ్చి ఉత్త రాయి నాకిపోయేవి. రాళ్ళు విసిరితే నాలుగు అడుగులు జరిగి, ఆట అనుకున్నట్టు నిలబడి చూసేవి.

ఎన్నికలు ముగిసి తుపాకీ తిరిగి ఇచ్చారు. నేను ఆదివారం పుస్తకంతో వెళ్ళాను. ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కాళ్ళకు తోలు చెప్పులు. ఎన్నడూ చూడలేదు. అడుగు వేస్తే కిర్రుమన్నాయి. జేబులో చిల్లర గలగలలాడింది.

"పుస్తకం లోపల పెట్టు నాయనా" అన్నాడు.

మంచం దగ్గరికి వెళ్ళి బూడిద వదిలాడు. చూశాడు. మంచాన్ని ఈడ్చుకుని రాయికి అవతలి పక్క వేశాడు.

"పెద్దనాయనా, గాలి మన మీంచి వాటి దిక్కు పోతా ఉండాది."

"తెలుసు."

నాకు అప్పుడు అర్థమైంది. బతుకంతా తన వాసన వాటికి అందకుండా కూర్చున్న మనిషి, ఆ రోజు అందేటట్టు కూర్చున్నాడు. సంగటి పళ్ళెం కూడా పక్కన పెట్టుకున్నాడు, రోజూ పెట్టుకున్నట్టే. తుపాకీ ఒళ్ళో ఉంది.

అవి వచ్చాయి. చెవి చీలినది ముక్కు ఎత్తి గాలి పీల్చింది. ఆయన వాసన పట్టింది. తోక ఆడించుకుంటూ ఇంకా దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ అంత దగ్గరికి రాలేదు. ఆయన తుపాకీ వాటి తలల మీదుగా, వెనకనున్న మట్టిగట్టుకు ఎత్తి పేల్చాడు.

కొండ రెండుసార్లు మోగింది. అవి విరగబడి పరుగెత్తాయి. చెట్ల దగ్గర ఆగి, జింకలు ఎప్పుడూ చేసినట్టే, వెనక్కి తిరిగి చూశాయి. ఆయన ఇంకో తోటా ఎక్కించి లేచాడు. చెప్పులు కిర్రుమంటూ, చిల్లర మోగుతూ, తువ్వాలు గాలిలో తిప్పుతూ వాటివైపు నడిచాడు. ఎన్నడూ గొంతెత్తని మనిషి అరిచాడు.

"పొండే! నేనే, నేనే కాల్చింది! నన్ను నమ్మొద్దండే! పొండి!"

రెండోసారి పేల్చాడు. ఈసారి అవి తిరిగి చూడలేదు.

ఆయన అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఎవరూ తోడు లేకుండా ఆ సంగటి తినలేక పళ్ళెం గోవిందమ్మ మేకలకు పెట్టాడు.

తర్వాత కొద్దిరోజులకే తుపాకీని శాశ్వతంగా స్టేషనులో అప్పగించాడు. మంచాన్ని మాత్రం ఉన్నచోటి నుంచి కదలనివ్వలేదు. ఒకరోజు నా అంగడికి వచ్చాడు. మెట్టు దగ్గర ఆగలేదు, బూడిద తియ్యలేదు. ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నాడు. గాలి ఆయన మీదుగా నా వైపు వీస్తోంది. చెమట, రాగిపిండి, పొగ కలిసిన ముసలి వాసన. అన్ని ఏళ్ళలో నాకు తెలియడం అదే మొదలు.

"ఒక చిన్న పొట్లం ఉప్పు కట్టు శెట్టీ" అన్నాడు. "ఒంటి మనిషికి అది చాలు."

ఇది రాయడానికి నాకు సాయపడినవాళ్ళు ఉన్నారు. వేట పుస్తకాలు ఇంటికి ఇచ్చి, ఆలస్యమైనా అడగని మల్లికమ్మకు నా నమస్కారాలు. ఆదివారాలు అంగడి చూసుకున్న నా భార్య శారదకు కృతజ్ఞతలు. నేను మరిచిన మాటలను ఆయన గొంతులోనే మళ్ళీ చెప్పి, చెబుతూ ఏడ్చిన గోవిందమ్మకు రుణపడి ఉన్నాను. అందరికంటే ఎక్కువగా సెల్వానికి. పెద్దకర్మ రోజు పక్కకు తీసుకుపోయి జింకల సంగతి అడిగితే అతను ఈ మాట చెప్పాడు:

"గట్టు దాకా వస్తాయి సార్. ఆ మంచం దిక్కు ముక్కెత్తి చూస్తాయి. అంతే, తిరుక్కొని అడివిలోకి పరిగెత్తిపోతాయి."